ఇవాళ్టికా, రేపటికా?

బొలోన్యాలో నేను మొదటిసారి పీచ్ పళ్లు కొనబోయిన రోజు అంగట్లో ఆవిడ ఎన్ని కావాలని అడగలేదు. "పెర్ ఓజ్జీ ఓ పెర్ దొమానీ?" అంది. ఇవాళ్టికా, రేపటికా? నాకు జవాబు తోచలేదు. పళ్లు కొనడం, ఫ్రిజ్‌లో పడెయ్యడం, గుర్తొచ్చినప్పుడు తినడం, అదీ నా అలవాటు. నోటికొచ్చింది "రేపటికి" అనేశాను. ముందు వరసలో ఎర్రగా నిగనిగలాడుతున్నవాటిని వదిలేసి, వెనక బుట్టలోంచి నాలుగు దోరపళ్లు ఏరి కాగితం సంచిలో వేసింది. ఫ్రిజ్‌లో పెట్టకండి, బల్ల మీద ఉంచండి, రేపు మధ్యాహ్నానికి అవే చెబుతాయి అంది. మర్నాడు మధ్యాహ్నం వంటగది అంతా పీచ్ వాసన.

చిన్నప్పుడు మా వీధిలో మామిడిపళ్ల గంప దింపిన ముసలమ్మ కూడా మా అమ్మను సరిగ్గా ఇదే అడిగేది. ఇవాళ తినడానికా అమ్మా, రెండ్రోజులు మగ్గబెట్టుకుంటారా అని. ఆ ప్రశ్న నా చెవిన పడి చాలా ఏళ్లయింది. మళ్లీ అది వినడానికి ఇటలీ దాకా వెళ్లాల్సొచ్చింది.

బొలోన్యా ఉత్తర ఇటలీలో ఎమీలియా-రొమాన్యా ప్రాంతానికి రాజధాని. 1088లో మొదలైందని చెప్పుకునే విశ్వవిద్యాలయం వల్ల ఆ ఊరికి పండిత అనే బిరుదుంది, ఇటుకల రంగు వల్ల ఎర్రనిది అనే పేరుంది. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది మాత్రం 'లా గ్రాస్సా', అంటే బాగా తిని ఒళ్లు చేసినది. ఊరి నడిబొడ్డున పియాజ్జా మజ్జోరే అనే పెద్ద కూడలి. దానికి తూర్పున నాలుగడుగులు వేస్తే క్వాద్రిలాతెరో. పేరుకి చతుర్భుజమే కానీ అదొక ఇరుకు సందుల అల్లిక. అక్కడ వీధుల పేర్లే ఊరి పాత బజారు పట్టిక. వియా పెస్కేరియే వెక్కియే అంటే పాత చేపల అంగళ్లు. వియా దెల్యీ ఒరెఫిచి కంసాలి వీధి. వియా ద్రాప్పెరియే బట్టల వర్తకులది. మధ్యయుగాల్లో ఏ వృత్తివాళ్లు ఏ సందులో కూర్చున్నారో ఆ పేరే నిలిచిపోయింది.

అదే కూడలికి పడమట ఉన్న పాత నగర సభ భవనం పలాజ్జో దక్కూర్సియో గోడను దగ్గరకు వెళ్లి చూడండి. రాతిలో కొన్ని గాట్లు, చట్రాలు చెక్కి ఉంటాయి. అవి ఆనాటి కొలతలు. మూర, అడుగు, ఇటుక ఎంతుండాలి, పెంకు ఎంతుండాలి అన్నీ అక్కడే. బట్ట కొన్నవాళ్లకు అనుమానమొస్తే గుడ్డ తీసుకెళ్లి ఆ గాటుకు ఆనించి చూసుకోవచ్చు. కొలతను అందరికీ కనిపించేలా గోడకెక్కించిన ఊరు అది. ఆ ఊళ్లో పుట్టిన చిత్రకారుడు అన్నిబాలే కర్రాచ్చి 1580ల మొదట్లో ఒక పెద్ద చిత్రం వేశాడు. దేవుళ్లూ రాజులూ లేరు అందులో. ఉన్నది మాంసం కొట్టు. అందులో ఒకాయన చేత్తో త్రాసు పట్టుకుని మాంసం తూస్తున్నాడు. ఆ చిత్రం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. తూచే మనిషి ముఖంలోని శ్రద్ధను కర్రాచ్చి ఎంత గౌరవంగా వేశాడో చూస్తే, ఆ ఊరికి తూకమంటే ఏమిటో తెలుస్తుంది.

ఇప్పటికీ అక్కడ తూకానికి ఒక సొంత మాట ఉంది: ఎత్తో. ఎత్తో అంటే 100 గ్రాములు. కొట్లో ఎవరూ 'రెండొందల గ్రాములు' అనరు. రెండు ఎత్తీలు, ఎత్తోన్నర, అర ఎత్తో అంటారు. కిలోల్లో ఆలోచించే బుర్రకి ఇది మొదట పిసినారితనంలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. తర్వాత అర్థమైంది, పలచగా కోసే మాంసాలు, నాలుగు రోజుల్లో వాసన దిగిపోయే చీజ్, గంటల్లో మెత్తబడే పచ్చి పాస్తా, వీటికి కిలో కొలబద్ద కాదు. ఒక పూటకు సరిపడా కొనడానికి పుట్టిన కొలత అది.

ఎత్తోతోపాటు ఒక సంభాషణ కూడా పుట్టింది. మోర్తదెల్లా ఒక ఎత్తో అడుగుతారు. మోర్తదెల్లా బొలోన్యా సొంత సరుకు. పంది మాంసాన్ని మెత్తగా రుబ్బి, తెల్లని కొవ్వు ముక్కలు కలిపి, నెమ్మదిగా పొడి వేడిగాలిలో ఉడికించే లావుపాటి దిండు లాంటిది. పోపు పాలనలో ఉన్న ఆ ఊళ్లో 1661లోనే కార్డినల్ ఫర్నేజే దాని తయారీకి కట్టుదిట్టమైన నియమాలు ప్రకటించాడు, పంది మాంసం తప్ప ఇంకోటి కలపకూడదని. కొట్టతను మర మీద రేకుల్లా కోసి, కాగితం మీద మడతలు మడతలుగా పరుస్తాడు. కాటా మీద పెడితే 115 చూపిస్తుంది. అప్పుడు తలెత్తి, "కే ఫాచ్చో, లాషో?" అంటాడు. ఏం చెయ్యను, ఉంచెయ్యనా? మన కిరాణా కొట్లో 'కొంచెం ఎక్కువొచ్చింది, ఉంచెయ్యమంటారా' అన్నట్టే. ఇటలీ అంతటా అందరి నోళ్లలో నలిగిన మాట ఇది. పదిహేను గ్రాముల అదనానికి కూడా మీ అనుమతి అడగాలన్న మర్యాద అందులో ఉంది. కాగితం బరువు ధరలో కలపకూడదని 1981లో చట్టమే చేశారు. అందుకే కాటా మీద ముందు కాగితం పెట్టి, సున్నా చేసి, తర్వాతే సరుకు పెడతారు.

ఇక చెయ్యి పెట్టడం గురించి. మనం బెండకాయ కొన విరిచి చూస్తాం. సొరకాయకు గోరు గుచ్చుతాం. వంకాయను తిప్పి తిప్పి పుచ్చు కోసం వెతుకుతాం. మన దగ్గర ఏరుకోవడం కొనేవాళ్ల విద్య. తల్లి దగ్గర కూతురు నేర్చుకునే విద్య. బొలోన్యా అంగట్లో ఆ పని చేస్తే అమ్మేవాళ్ల మొహం మారిపోతుంది. టమాటా నొక్కి చూశానని ఒకసారి నాకు గట్టిగానే చివాట్లు పడ్డాయి. చిన్నబుచ్చుకుని, ఆ అంగడి వైపు నెల రోజులు పోలేదు. కానీ అక్కడ ఏరడం అమ్మేవాళ్ల విద్య. పొద్దున్నే లారీలోంచి దింపినప్పుడు ఏ బుట్ట ఎలా ఉందో చూసింది వాళ్లు. ఏది ఇవాళ పండుతుందో, ఏది ఎల్లుండికి ఆగుతుందో వాళ్ల చేతులకు తెలుసు. పదిమంది వేళ్లు పడితే పీచ్ పండు సాయంత్రానికే కమిలిపోతుంది. కాబట్టి కొనేవాళ్ల నేర్పు ఇంకోచోట ఉంది: చెప్పడంలో. ఏం వండబోతున్నారు, ఎంతమందికి, ఏ పూటకు. ఈ మూడూ సరిగ్గా చెప్పగలిగితే అంగట్లో మేలైన సరుకు మీదే. చెప్పలేకపోతే వచ్చింది పట్టుకెళ్లాలి.

'టమాటాలు కావాలి' అంటే చాలదు. పచ్చివి తింటారా, సాస్ కాస్తారా? సలాడ్‌కైతే గట్టిగా, కాస్త ఆకుపచ్చ జీర ఉన్నవి. సాస్‌కైతే మెత్తగా పండినవి, కొంచెం నలిగినా ఫర్వాలేదు, ధర కూడా తక్కువ. బంగాళాదుంపలు న్యోక్కీకి, అంటే దుంపల ముద్దతో చేసే చిన్న ఉండలకి, పిండిగా ఉండేవి వేరు, వేపుడుకి వేరు. మాట తేలాక, చాలాసార్లు సంచి పైన ఒక క్యారెట్టు, ఒక సెలెరీ కాడ, గుప్పెడు పార్స్లీ పెడతారు. డబ్బు తీసుకోరు. వీటిని 'ఓదోరి' అంటారు, వాసన దినుసులని. ఇటలీలో చాలా వంటలకు ఇవే తాళింపు. కూరగాయలు కొన్నాక కరివేపాకు రెబ్బ, కొత్తిమీర కట్ట వేసే మన కొసరు ఎలాగో ఇదీ అలాగే. ఆ అంగళ్లలో బేరం లేదు, పలక మీద రాసిందే ధర. కొసరు మాత్రం ఉంది.

ఆ పలకలో ధర ఒక్కటే ఉండదు. పండు ఏ రకం, ఏ ప్రాంతం నుంచి వచ్చింది, ఏ తరగతి అన్నీ రాసి ఉండాలి, అది నియమం. చేపల కొట్లో ఇంకా ఎక్కువ: వల వేసి పట్టిందా, చెరువులో పెంచిందా, మంచులో గడ్డకట్టించి కరిగించిందా, ఏ సముద్రం. మధ్యధరా సముద్రానికి 37 అనే అంకె. గుడ్డు మీదైతే ఏకంగా దాని ఊరి చిరునామా ముద్ర వేసి ఉంటుంది. మొదటి అంకె 0 అయితే సేంద్రియం, 1 అయితే బయట తిరిగే కోడి, 2 అయితే కొట్టాంలో నేల మీద పెరిగింది, 3 అయితే పంజరంలోది. తర్వాత దేశం, ఊరు, జిల్లా, ఫారం. ఈ ముద్ర చదవడం అక్కడి చిన్నపిల్లలకు కూడా వచ్చు.

రాయని గుర్తులు కూడా ఉన్నాయి, నాకు అవే ఎక్కువ ఇష్టం. చలికాలంలో సిసిలీ నుంచి నారింజలు, క్లెమెంటైన్లు ఆకులతో సహా వస్తాయి. అందం కోసం అనుకున్నాను. ఆకు అబద్ధం చెప్పదు అన్నాడు ఒక పెద్దాయన. పండు తొక్క వారాల తరబడి మెరుస్తూనే ఉంటుంది, ఆకు మాత్రం కొన్ని రోజులకే ముడుచుకుపోతుంది. ఆకు నవనవలాడుతుంటే పండు కోసి ఎన్నో రోజులు కాలేదన్నమాట. ఆర్టిచోక్ కాడ వంచితే పుటుక్కున విరగాలి. తోటకూర కాడ మనం చూసుకున్నట్టే.

పార్మిజానో రెజ్జానో చీజ్ చక్రాన్ని పగలగొట్టడం నేను ఎన్నిసార్లు చూసినా ఆగి నిలబడిపోతాను. ఒక్కో చక్రం దాదాపు 40 కిలోలు. దాదాపు 550 లీటర్ల పాలు ఒక చక్రంలోకి వెళతాయి. కనీసం 12 నెలలు అరల మీద ఊరాలి. ఆ తర్వాత పరీక్షకుడు చిన్న సుత్తితో చుట్టూ తట్టి, చప్పుడు విని, లోపల పగుళ్లు, బోలు ఉన్నాయేమో పసిగడతాడు. మన దగ్గర కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు. కొట్లో చక్రాన్ని తెరిచేవాడు ముందు కొక్కెం లాంటి కత్తితో తొక్క మీద చుట్టూ ఒక గీత గీస్తాడు. తర్వాత బాదంగింజ ఆకారంలో ఉన్న పొట్టి కత్తులు ఆ గీతలో అక్కడక్కడా దిగేసి, అటూ ఇటూ నెమ్మదిగా కదుపుతాడు. కోయడు. అదే తనకు వీలైన చోట విచ్చుకుంటుంది. ఒక్కసారిగా చిన్న మూలుగు లాంటి చప్పుడుతో రెండు చెక్కలవుతుంది. ఆ క్షణంలో లేచే వాసన, వేయించిన జీడిపప్పూ మీగడా కలిసినట్టు ఉంటుంది. కత్తితో కోస్తే నున్నగా వచ్చే చీజ్, ఇలా పగిలితే గరుకుగా, రవ్వరవ్వగా ఉంటుంది. నాలుక మీద కరకరలాడే తెల్లని రవ్వలు పాత చీజ్‌లో ఎక్కువ కనిపిస్తాయి.

నేను మొదట కిలో అడిగాను, ఊరికి పట్టుకెళ్లేంత ఆశతో. ఇంట్లో ఎంతమంది అని అడిగాడు కొట్టతను. ఇద్దరమన్నాను. తల అడ్డంగా ఊపి, 24 నెలలది మూడు ఎత్తీలు కోసి ఇచ్చాడు. వచ్చేవారం మళ్లీ రండి అన్నాడు. అమ్మకం పోగొట్టుకున్నాడని అప్పుడు జాలిపడ్డాను. ఆరేళ్లు ప్రతి వారం వెళ్లాను ఆ కొట్టుకి. ఎండు తొక్క పారెయ్యొద్దు, గీకి శుభ్రం చేసి చారులోనో చిక్కుడుగింజల సూప్‌లోనో వెయ్యండి అని చెప్పింది కూడా అతనే. ఆ పాలిచ్చే ఆవులను పో నది మైదానంలో చూసుకునేవాళ్లలో పంజాబ్ నుంచి వెళ్లినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఇటలీ గర్వంగా చెప్పుకునే ఆ చక్రం వెనక మన దేశపు చేతులు కూడా ఉన్నాయని అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు గుర్తొస్తూనే ఉండేది.

బొలోన్యా కొట్లలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం స్ఫోల్యీనా. స్ఫోల్యా అంటే చేత్తో ఒత్తిన పాస్తా రేకు, అది ఒత్తే ఆమె స్ఫోల్యీనా. లెక్క తేలికే: 100 గ్రాముల మెత్తని గోధుమపిండికి ఒక గుడ్డు. నీళ్లు లేవు. పచ్చసొన ముదురు పసుపు రంగులో ఉండే గుడ్లను పాస్తా కోసమే విడిగా అమ్ముతారు. ముద్ద కలిపి, కాసేపు నాననిచ్చి, పెద్ద చెక్క పీట మీద పెడుతుంది. అప్పడాల కర్రలా ఉంటుంది కానీ ఆమె కర్ర చాలా పొడుగు, మత్తరెల్లో అంటారు. అరచేతుల్ని మధ్యలోంచి చివరలకు జరుపుతూ ఒత్తుతుంది, రేకును కర్రకు చుట్టి, ఒక విసురుతో విప్పి, పావువంతు తిప్పి మళ్లీ ఒత్తుతుంది. కొద్దిసేపటికే రేకు పీట అంచు దాటి కిందికి వేలాడుతుంది. ఆ వేలాడే భాగం తన బరువుతో తనే సాగుతుంది. ఎత్తి వెలుతురుకి పట్టుకుంటే అవతల కొండ మీద సాన్ లూకా మాత గుడి కనిపించాలని ఆ ఊరి మాట. ఆత్రేయపురం పూతరేకు చూసిన కళ్లకు ఆ మాటలో అతిశయోక్తి కనిపించదు. ఉక్కు మరలో ఒత్తిన పాస్తా నున్నగా జారిపోతుంది. చెక్క మీద చెక్కతో ఒత్తినదానికి కంటికి కనిపించని గరుకుదనం ఉంటుంది, సాస్ దాన్ని పట్టుకుని నిలుస్తుంది. చెక్క పీట మార్చి పాలరాయి పెట్టుకోకపోవడానికి కారణం అది.

తర్వాత రేకును చిన్న చదరాలుగా కోసి, ఒక్కోదానిలో బఠాణీ గింజంత ముద్ద పెట్టి, త్రికోణంగా మడిచి, చిటికెన వేలికి చుట్టి కొనలు కలుపుతుంది. తోర్తెల్లీనో అయింది. వేళ్ల కదలిక చూస్తుండగానే ఇరవై అవుతాయి. లోపలి ముద్దలో పంది నడుము మాంసం, ప్రొషుత్తో అనే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం, మోర్తదెల్లా, పార్మిజానో, గుడ్డు, జాజికాయ. ఈ పద్ధతిని 1974లో ఊరి వర్తక మండలిలో అధికారికంగా నమోదు చేశారు. అంతకు రెండేళ్ల ముందు, వండాక తల్యతెల్లే పాస్తా 8 మిల్లీమీటర్ల వెడల్పుండాలని అదే మండలిలో బంగారు నమూనా చేయించి పెట్టారు. గోడ మీద మూర చెక్కిన ఊరు పాస్తాకు బంగారు కొలత పెట్టుకోవడం నాకు వింతగా తోచలేదు.

తోర్తెల్లీని కొనబోతే స్ఫోల్యీనా అడిగేది మళ్లీ అవే ప్రశ్నలు. ఎంతమందికి? ఎప్పుడు? మాంసం రసంలోనేనా? ఈ చివరిదానికి అవునని తప్ప ఇంకో జవాబు ఆమెకు నచ్చదు. మధ్యాహ్నానికైతే అట్టపెట్టెలో పరిచి ఇస్తుంది, రేపటికైతే పొడి పిండి చల్లి, బట్ట కప్పి ఎలా ఉంచాలో చెబుతుంది. క్రిస్మస్ ముందైతే రోజుల ముందే చెప్పుకోవాలి, వీధిలోకి వరస ఉంటుంది. వరసలోకి కొత్తగా వచ్చినవాళ్లు చివర ఎవరు అని అడిగి, ఆ మనిషిని గుర్తుపెట్టుకుని నిలబడతారు. గుమ్మంలో అడుగుపెట్టగానే శుభోదయం చెప్పడం మానితే సరుకు దొరుకుతుంది గానీ మాట దొరకదు. ఇటాలియన్‌లోనూ మనకులాగే నువ్వు, మీరు వేరువేరు. ఎన్నేళ్లు పరిచయమున్నా నన్ను ఆ కొట్లలో మీరు అనే పిలిచారు.

క్వాద్రిలాతెరోలో రనోక్కి అనే చిన్న సందులో 1465 నుంచీ నడుస్తున్నదని చెప్పే ఓస్తెరియా దెల్ సోలే ఉంది. వాళ్లు తాగడానికి మాత్రమే అమ్ముతారు, తినడానికి ఏమీ పెట్టరు. చుట్టుపక్కల కొట్లలో ఎవరికి కావాల్సింది వాళ్లు పొట్లం కట్టించుకుని వచ్చి, ఆ బల్లల మీద విప్పుకుని తింటారు. ఒకరి వ్యాపారం ఇంకొకరి వ్యాపారానికి ఇంత ఒదిగి బతకడం నేను మరోచోట చూడలేదు.

కానీ ఆ సందులు మారుతున్నాయి. చెప్పడానికి బాధగా ఉంది. చేపలు, కూరలు అమ్మిన చోట ఇప్పుడు చెక్కపలక మీద మాంసం ముక్కలు, చీజ్ ముక్కలు పేర్చి యాత్రికులకు పెట్టే బల్లలు వరసగా కనిపిస్తాయి. ఒక్కసారి వచ్చి పోయేవాళ్లను ఇవాళ్టికా రేపటికా అని అడిగే పని ఉండదు. అద్దెలు పెరిగాయి, ఊళ్లోవాళ్లు శివార్లకు వెళ్లారు. 1998లో వచ్చిన చట్టం వ్యాపార అనుమతుల పద్ధతిని సడలించింది, దేశమంతటా పెద్ద దుకాణాలు విస్తరించాయి. వాటిలో పేరున్న సహకార గొలుసు కొనాద్ ప్రధాన కార్యాలయం ఉన్నది బొలోన్యాలోనే. ఆ సూపర్‌మార్కెట్లలో సరుకు చెడ్డదని నేననను. పళ్ల దగ్గర ప్లాస్టిక్ చేతి తొడుగు వేసుకుని మనమే ఏరుకుని, మనమే తూచుకుని, చీటీ అంటించుకోవచ్చు. అక్కడ అడిగేవాళ్లు లేరు, అంతే. ఏం వండాలో తెలియని పిల్లలకు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు ఆ అడిగే మనిషి లేకపోవడం చిన్న లోటు కాదు. రోజుకు ఒక ఎత్తో ప్రొషుత్తో కొనడానికి వచ్చే ముసలాయన రెండు రోజులు కనిపించకపోతే కొట్టువాళ్లు ఆరా తీయడం నేను చూశాను.

అందుకే ఇప్పుడెవరైనా బొలోన్యా వెళతానంటే క్వాద్రిలాతెరో చూసి ఊరుకోవద్దంటాను. వియా ఉగో బస్సీలో 1910లో తెరిచిన మెర్కాతో దెల్లే ఎర్బే ఉంది. ఎత్తైన పైకప్పు కింద కూరగాయల బల్లలు వరసలు. ఉదయం తొమ్మిదిలోపు వెళితే చక్రాల సంచులు లాక్కుంటూ వచ్చే ఊరి మనుషులే కనిపిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఆల్తేదో నుంచి ఆకుపచ్చ ఆస్పరాగస్, ఆ తర్వాత విన్యోలా చెర్రీలు, ఎండాకాలమంతా రొమాన్యా పీచ్‌లు, చలి మొదలవగానే గుమ్మడి, కొండల నుంచి చెస్ట్‌నట్లు. స్టేషన్ దాటి బొలోన్యీనా పేటకు పోతే బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్ల చిన్న కొట్లు. బెండకాయలు, పచ్చిమిరపకాయలు, ఇటాలియన్ అంగళ్లలో ఎంత వెతికినా కనిపించని కొత్తిమీర. సాయంత్రం పొద్దుపోయాక కూడా ఆ కొట్లలో దీపం వెలుగుతూ ఉంటుంది. ఒకసారి మా పక్కింటి బామ్మగారు పార్స్లీ కోసం అక్కడికే వచ్చి, కొత్తిమీర కట్ట వాసన చూసి, ఇదెందుకు వాడతారని అడిగింది. కొట్టతను నా వైపు చూశాడు. నేను చారు గురించి చెప్పాను.

కిందటి ఆగస్టులో మళ్లీ వెళ్లాను. మెర్కాతోలో పీచ్‌లమ్మే అదే ఆవిడ, జుట్టు ఇంకాస్త నెరిసింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఈసారి అడగక ముందే చెప్పాను: మూడు ఇవాళ సాయంత్రానికి, రెండు గురువారానికి. తల ఊపి, రెండు కాగితం సంచులు తీసింది. గురువారం సంచి మూల మడిచి గుర్తు పెట్టి, అది కిందా ఇది పైనా వచ్చేలా నా చేతి సంచిలో సర్దింది.